పన్నెండేళ్ళ గీజర్, ఒకరోజు వేడి ఒకరోజు చల్లన: నిజాంపేటలో బాగుచేయించిన అనుభవం

పాత గీజర్ ఒకరోజు వేడినీళ్ళిచ్చి మర్నాడు ఇవ్వకపోతే, కొత్తది కొనేముందు ఒక్కసారి దాన్ని విప్పించి చూడండి. మీటరు పెట్టి, లోపల ఏముందో మీ కళ్ళకు చూపించే మనిషి చేతే విప్పించండి. మాకు హైదరాబాద్ నిజాంపేటలో అలాంటి మెకానిక్ దొరికాడు. చలికాలం వచ్చిందంటే మా అపార్ట్‌మెంట్‌లో ఇంటింటా ఇదే గోల కాబట్టి, ఆయన పని ఎలా ఉందో, ఆ పని దగ్గరుండి చూస్తే నాకు ఏం తెలిసిందో వివరంగా రాస్తున్నాను.

ముందు మా గీజర్ సంగతి. ఈ ఫ్లాట్‌లోకి వచ్చిన కొత్తలో, 2012లో పెట్టించాం. 25 లీటర్లది, నీళ్ళు కాచే ఎలిమెంట్ 2 కిలోవాట్లది, గోడకు నిలువుగా తగిలించే రకం. పన్నెండేళ్ళు నోరెత్తకుండా పనిచేసింది. కార్తీకమాసం మొదలైన దగ్గర్నుంచి దాని వరస మారింది. ఒకరోజు పొగలు కక్కే నీళ్ళు వచ్చేవి. మర్నాడు అదే టైముకి అదే కుళాయి తిప్పితే గోరువెచ్చగా వచ్చేవి. కొన్ని రోజులు మొదటి బకెట్టు బాగానే నిండి, రెండోది సగంలో చల్లబడిపోయేది. లైటు మాత్రం ఎర్రగా వెలుగుతూనే ఉండేది. పూర్తిగా పాడైపోతే ఏదో ఒకటి చేసేస్తాం. ఇలా ఉండీ లేనట్టుండే రోగంతోనే టెన్షన్ అంతా.

మా అత్తయ్యకి డెబ్భై ఆరేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. కార్తీక సోమవారం తలస్నానం మానమంటే వినరు, మానమని చెప్పడానికి నాకూ మనసొప్పదు. తెల్లవారుజామున ఐదింటికి ఆవిడ సబ్బు రాసుకున్నాక నీళ్ళు చల్లబడితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కొన్నాళ్ళు గ్యాస్ పొయ్యి మీద పెద్ద గిన్నెతో నీళ్ళు కాచి మోశాను. తడి గచ్చు మీద మరిగే నీళ్ళ గిన్నెతో నడవడం ఇంట్లో ఎవరికీ మంచిది కాదు. పక్క ఫ్లాట్ వాళ్ళు గ్యాస్ గీజర్ పెట్టుకోమన్నారు. వెంటనే వేడినీళ్ళొస్తాయి, నిజమే. కానీ గాలి సరిగా ఆడని మూసిన బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు, మనిషికి తెలియకుండానే స్పృహ తప్పుతుంది. ఏటా చలికాలంలో పేపర్లో చదువుతూనే ఉన్నాం. అందుకని ఆ మాట అక్కడితో ఆపేశాం.

మొదట కంపెనీ సర్వీస్ సెంటర్‌కే ఫోన్ చేశాం. వచ్చిన కుర్రాడు గీజర్ కింది మూత కూడా విప్పలేదు. కింద, ఒత్తిడి పెరిగితే నీళ్ళు బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్ నుంచి నీటి చుక్క పడుతుంటే చూసి, ట్యాంకు చిల్లుపడిందన్నాడు. ఈ మోడల్‌కి సామాను రావడం లేదన్నాడు. పాతది తీసుకుని కొత్తది ఇస్తామని, 11,500 అవుతుందని ఫోన్లో చూపించాడు. చూడ్డానికి వచ్చినందుకు 450 రూపాయలు తీసుకుని వెళ్ళిపోయాడు. కొత్తది అమ్మడం వాళ్ళ వ్యాపారం, దానికి నేనేమీ అనను. చిల్లుపడిందని చెప్పేముందు మూత విప్పి చూడాల్సింది. నాలుగు స్క్రూల పని అది.

తర్వాత మా వాచ్‌మన్ చెప్పిన షాపుకి వెళ్ళాను. నిజాంపేట రోడ్డు మీద నుంచి లోపలికి వెళ్ళే సందులో, టైర్ల పంక్చర్ షాపుకి ఆనుకుని చిన్న గది. బోర్డు మీద పేరు లేదు. ‘మోటారు వైండింగ్, గీజర్, మిక్సీ రిపేర్లు చేయబడును’ అని మాత్రం ఉంటుంది. లోపల గోడ నిండా వేలాడుతున్న ఎలిమెంట్లు, నేల మీద విప్పిన మోటార్లు. యాభై దాటిన మనిషి, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు ఒకడు. నేను సంగతి చెబుతుంటే ఆయన మధ్యలో ఆపి ప్రశ్నలు వేశాడు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది. ‘చల్లగ ఎప్పుడొస్తయి మేడమ్, స్విచ్ ఏసినంక ఎంతసేపటికి తిప్పుతున్నరు? బకెట్టు నల్లాల చల్లగొస్తయా, షవర్ల చల్లగొస్తయా? లైటు బందయితదా, అట్లనే ఉంటదా?’ అని అడిగాడు. కంపెనీ కుర్రాడు వీటిలో ఒక్కటీ అడగలేదు.

ఇంటికొచ్చాక ఆయన పనిచేసిన వరస నాకు బాగా నచ్చింది. గీజర్ జోలికి వెళ్ళకుండా ముందు చుట్టూ ఉన్నవన్నీ చూశాడు.

మొదట వోల్టేజి. సాకెట్ దగ్గర 228 వచ్చింది. ఇదెందుకంటే, వోల్టేజి పడిపోతే ఎలిమెంట్ శక్తి అంతకన్నా ఎక్కువగా పడిపోతుంది. 230 ఉండాల్సిన చోట 200 ఉంటే 2 కిలోవాట్ల ఎలిమెంట్ 1.5 కిలోవాట్లే ఇస్తుంది. పొద్దున్నే అన్ని ఇళ్ళల్లో గీజర్లు వేస్తే కొన్ని చోట్ల ఇలా జరుగుతుందట. మాకు ఆ సమస్య లేదని తేలింది.

రెండోది ప్లగ్గు. బయటికి లాగి నా చేతిలో పెట్టాడు. 16 ఆంపియర్ల ప్లగ్గు పిన్నులు రెండూ పసుపు రంగు పోయి నల్లగా ఉన్నాయి. సాకెట్ లోపల ప్లాస్టిక్ కరిగి ఒక పక్కకి జారింది. 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. పిన్ను వదులుగా ఉంటే ఆ చోటే వేడెక్కి, కాలి, ఒకసారి తగిలి ఒకసారి తగలకుండా పోతుంది. ఇంకా ఆలస్యం చేస్తే అక్కడ మంటే లేచేదేమో. సాకెట్ ప్లేటు బయటికి శుభ్రంగానే కనిపిస్తుంది, అందుకే ప్లగ్గు లాగి పిన్నులు చూడాలి. మీ ఇంట్లో ఈ రోజే చూడండి, దీనికి మెకానిక్ అక్కర్లేదు. స్విచ్ ఆపి లాగితే చాలు.

మూడోది వాల్ మిక్సర్. దీని మీదికి నా ఆలోచన ఎప్పుడూ పోలేదు. గీజర్‌లోకి చన్నీళ్ళు వెళ్ళే పైపు దగ్గర యాంగిల్ కాక్ అనే చిన్న కుళాయి ఉంటుంది కదా, దాన్ని పూర్తిగా కట్టేశాడు. తర్వాత మిక్సర్‌లో వేడినీళ్ళ పిడి ఒక్కటే తిప్పాడు. గీజర్‌లోకి నీళ్ళు వెళ్ళనప్పుడు వేడివైపు నుంచి కాసేపటికి ధార ఆగిపోవాలి. మా మిక్సర్‌లో ఆగలేదు. సన్నగా కారుతూనే ఉంది. అంటే చన్నీళ్ళ వైపు పిడి కింద ఉండే స్పిండిల్ వాషర్ అరిగిపోయి, మిక్సర్ లోపలే చన్నీళ్ళు వేడినీళ్ళలో కలిసిపోతున్నాయి. గీజర్ ఎంత బాగా కాచినా కుళాయిలోకి వచ్చేసరికి వేడి తగ్గిపోతుంది. చాలామంది ఇళ్ళల్లో గీజర్‌ని తిట్టుకునే సందర్భాల్లో అసలు దోషం ఇదేనని ఆయన మాట. ఈ పరీక్షకు ఒక్క రూపాయి ఖర్చులేదు, ఎవరైనా చేసుకోవచ్చు.

అప్పుడు గీజర్ దగ్గరికి వచ్చాడు. వైరు చుట్టూ, అందులో ఎంత కరెంటు పోతోందో చూపే క్లాంప్ మీటరు తగిలించి స్విచ్ వేశాడు. 8.6 ఆంపియర్లు చూపించింది. ‘ఎలిమెంట్ గుంజుతున్నది’ అన్నాడు. స్టూలు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. కొద్ది నిమిషాల్లోనే మీటరు సున్నాకి పడిపోయింది. కుళాయి తిప్పితే నీళ్ళు గోరువెచ్చగా మాత్రమే ఉన్నాయి. కాసేపాగితే మళ్ళీ 8.6. మళ్ళీ సున్నా. నీళ్ళు తగినంత కాగాక కరెంటు ఆపాల్సిన థర్మోస్టాట్, నీళ్ళు వేడెక్కకముందే ఆపేస్తోందన్నమాట. లైటు గురించి కూడా అప్పుడే అడిగాను. మా గీజర్‌లో రెండు లైట్లున్నాయి. మేం చూస్తూ వచ్చింది కరెంటు వచ్చిందని చెప్పే లైటు, నీళ్ళు వేడెక్కుతున్నాయని చెప్పేది కాదు. వేడెక్కుతున్నాయని చెప్పే లైటు ఉన్నా, ఎలిమెంట్ లోపల తీగ తెగిపోయినప్పుడు కూడా అది వెలుగుతుంది, ఎందుకంటే థర్మోస్టాట్ దాటి వచ్చిన కరెంటు లైటుకి అందుతూనే ఉంటుంది. కాబట్టి లైటుని నమ్మకండి. ఆంపియర్లే నిజం చెబుతాయి.

బోర్డులో ఎంసీబీ స్విచ్ ఆపి, ప్లగ్గు లాగేసి, నీళ్ళన్నీ వదిలి, ఎలిమెంట్‌ని పట్టి ఉంచే ఫ్లాంజ్ పళ్ళెం బోల్టులు ఊడదీశాడు. ఎలిమెంట్ మామూలుగా కిందికి జారి రావాలి. రాలేదు. అటూ ఇటూ కదిపి, చెక్కపుల్లతో చుట్టూ తట్టి, నెమ్మదిగా లాగితే వచ్చింది. నేను ఆ రోజు చూసింది ఇంకా కళ్ళల్లో ఉంది. వేలి మందం ఉండాల్సిన రాగి గొట్టం శనగపిండిలో ముంచి వేయించిన మిరపకాయ బజ్జీ అంత లావుగా ఉంది. బూడిద రంగు సున్నం, పొరలు పొరలుగా. ఒక చోట పెచ్చు ఊడితే కింద రాగి నల్లబడి, సన్నటి పగులు కనిపించింది. ట్యాంకు తుప్పు పట్టకుండా ఆ పక్కనే ఉండాల్సిన మెగ్నీషియం కడ్డీ దాదాపు లేదు. నడుమనున్న ఇనుప తీగ మిగిలింది, దాని చివర వేరుశనగ గింజంత తెల్లటి ముక్క. తర్వాత ట్యాంకులోంచి సున్నం పెచ్చులు రాలుతూనే ఉన్నాయి. కుర్రాడు కింద పెట్టిన తొట్టి పావు వంతు నిండింది.

‘టాంకీ మంచిగున్నది మేడమ్. లోపల సున్నం పట్టింది, గంతే’ అన్నాడు టార్చి లోపలికి వేసి చూపిస్తూ. లోపలి నీలం పూత ఎక్కడా ఊడలేదు.

అప్పుడు మొత్తం కథ అర్థమైంది. థర్మోస్టాట్ కూర్చునే సన్న గొట్టం ఎలిమెంట్ పక్కనే ఉంటుంది. ఆ రెండింటి మధ్య నీళ్ళుండాలి. మా గీజర్‌లో నీళ్ళుండాల్సిన చోట సున్నం గడ్డకట్టి రెండింటినీ అతికించేసింది. స్విచ్ వేయగానే ఎలిమెంట్ వేడి సున్నం మీదుగా నేరుగా ఆ గొట్టానికి చేరుతోంది. నీళ్ళు 40 డిగ్రీలకు రాకముందే థర్మోస్టాట్ 60 అయిపోయిందనుకుని కరెంటు ఆపేస్తోంది. కాస్త చల్లారాక మళ్ళీ వేస్తోంది. గంటన్నర ముందు స్విచ్ వేసిన రోజు ఇలా ఆగుతూ ఆగుతూనే నీళ్ళు కాగేవి. హడావుడిగా అరగంట ముందు వేసిన రోజు గోరువెచ్చగానే ఉండేవి. కాలిన ప్లగ్గు, కారే మిక్సర్ దీనికి తోడయ్యాయి. మూడు దోషాలు కలిసి ఆడితే ఏ రోజు ఏది ముందుకొస్తుందో ఎవరికి తెలుస్తుంది!

సేఫ్టీ వాల్వ్ చుక్కల సంగతి కూడా అడిగాను, ఎందుకంటే దాన్ని చూపించే కదా ట్యాంకు పోయిందన్నారు. నీళ్ళు వేడెక్కితే ఉబ్బుతాయి. 25 లీటర్ల నీళ్ళు 20 నుంచి 60 డిగ్రీలకు వస్తే దాదాపు 375 మిల్లీలీటర్లు పెరుగుతాయి. వెనక్కి వెళ్ళనివ్వని వాల్వ్ ఉన్నప్పుడు ఆ పెరిగిన నీళ్ళకు దారి ఇదొక్కటే. గీజర్ కాగుతున్నప్పుడు చుక్కలు పడటం దాని పని అది చేస్తున్నట్టు లెక్క. చల్లగా ఉన్నప్పుడు కూడా ఆగకుండా కారితే లోపల సున్నం ముక్క ఇరుక్కుని ఉండొచ్చు. మాది ఈ రెండో రకం, వాల్వ్ మారిస్తే సరిపోయింది. ఆ చుక్క చిరాకుగా ఉందని బిరడా పెట్టి మూసేవాళ్ళున్నారట. దయచేసి ఆ పని చేయకండి. థర్మోస్టాట్ అతుక్కుపోయి నీళ్ళు మరిగిపోతే ఆ ఒత్తిడి బయటికి పోవడానికి ఉన్న దారి అదే.

కొత్త ఎలిమెంట్ దగ్గర నాకు రెండు రకాలు చూపించాడు. మామూలు రాగిది 750, ఇన్‌కొలాయ్ అనే నికెల్ మిశ్రలోహానిది 1,050. బోరు నీళ్ళకు రెండోది ఎక్కువ కాలం వస్తుందని, రాగిదే పెట్టుకున్నా తప్పేం లేదని చెప్పి నా ఇష్టానికి వదిలేశాడు. నేను రెండోదే తీసుకున్నాను. థర్మోస్టాట్ 320, మెగ్నీషియం కడ్డీ 280, గ్యాస్కెట్ 60, సేఫ్టీ వాల్వ్ 420, ప్లగ్గూ సాకెట్టూ కలిపి 380, మిక్సర్ స్పిండిళ్ళ జత 300, ఆయన కూలి 700. మొత్తం 3,510 రూపాయలు. థర్మోస్టాట్, ఎలిమెంట్ పెట్టెల మీద ఐఎస్ఐ గుర్తు చూపించి మరీ విప్పాడు. నేను అడగకముందే పాత సామానంతా ఒక కవర్లో వేసి నాకిచ్చాడు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మార్చారో లేదో తెలియక మనం ఎన్నిసార్లు డబ్బులు కట్టి ఉంటాం!

పాత ఎలిమెంట్‌కి మెగ్గర్ (కరెంటు బయటికి పాకుతోందో లేదో కొలిచే మీటరు) పెట్టి చూపించడం నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది. ఆ పగులు గుండా తడి లోపలికి చేరి, కరెంటు గొట్టం ఒంటికి పాకడం మొదలైంది. మీటరు ముల్లు అర మెగోమ్ దగ్గర ఊగుతోంది. రెండు మెగోమ్‌లకి తగ్గితే ఆ ఎలిమెంట్ తన చేత్తో మళ్ళీ బిగించనని చెప్పాడు. తర్వాత సాకెట్‌లో ఎర్త్ సరిగా వస్తోందో లేదో చూసి, అది వదులుగా ఉంటే బిగించాడు. ‘పెద్దమ్మ తడి చేతుల్తోని పిడి తిప్పుతది మేడమ్, ఎర్త్ లేకుంటే నేను స్విచ్ ఎయ్యను’ అన్నాడు. అత్తయ్య గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని అంతా చూస్తున్నారు. ‘నువ్వు చల్లగుండాలి నాయనా’ అని కాఫీ ఇప్పించారు. మెయిన్ బోర్డులో, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోమని కూడా చెప్పాడు. మా బోర్డులో ఎంసీబీలు మాత్రమే ఉన్నాయి. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. అది తన పని కాదని, ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోమని పక్కకి తప్పుకున్నాడు. పెట్టించేశాం.

ఇప్పుడెలా ఉందంటే: స్విచ్ వేసిన అరగంట దాటాక నీళ్ళు పూర్తిగా కాగి ఆగిపోతోంది. ఇది లెక్కకు సరిపోతుంది. 25 లీటర్ల నీళ్ళను 22 నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే 1.1 యూనిట్ల కరెంటు కావాలి, 2 కిలోవాట్ల ఎలిమెంట్‌కి అది 33 నిమిషాల పని. మీదీ ఇదే సైజు గీజర్, ఇదే ఎలిమెంట్ అయి, ఇంతకు ఇంకో పావుగంట ఎక్కువ తీసుకున్నా, చాలా ముందే ఆగిపోయినా లోపల ఏదో ఉండొచ్చు. ఆ కాగిన 25 లీటర్లలో చన్నీళ్ళు కలుపుకుంటే స్నానానికి తగ్గ 40 డిగ్రీల నీళ్ళు లెక్క ప్రకారం 50 లీటర్ల పైనే రావాలి. వాడుతుంటే లోపలికి చన్నీళ్ళు వచ్చి కలుస్తాయి కాబట్టి అంత రాకపోయినా, రెండు బకెట్లు నిండుగా వస్తున్నాయి. అత్తయ్య, మా అబ్బాయి ఒకరి తర్వాత ఒకరు స్నానం చేసినా ఇబ్బంది లేదు.

ఈ సున్నం ఎక్కడిదో మా వైపు ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు. మంజీరా (కుళాయిలో వచ్చే ప్రభుత్వ) నీళ్ళు వంటకీ తాగడానికే సరిపోతాయి, మిగతా వాడకమంతా బోరు, బోరు ఎండితే ట్యాంకర్. మా బోరు నీళ్ళు పరీక్ష చేయిస్తే కఠినత్వం లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటింది. తాగునీటికి భారత ప్రమాణం 200 ఉంటే మంచిదంటుంది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. 500 అంటే వంద లీటర్ల నీళ్ళలో 50 గ్రాముల సున్నపురాయికి సమానమైన సరుకు కరిగి ఉందని. అదంతా గీజర్‌లోనే పేరుకోదు. కానీ నీళ్ళు వేడెక్కినప్పుడే అది విడిపోయి గట్టిపడుతుంది, ఎంత వేడెక్కితే అంత త్వరగా. అందుకే ఆయన థర్మోస్టాట్‌ని 60 దగ్గర పెట్టి, పైకి తిప్పొద్దని గట్టిగా చెప్పాడు. మా అసోసియేషన్‌లో చాలామంది చేతిలో టీడీఎస్ మీటరు పట్టుకుని తిరుగుతారు. అది నీళ్ళలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది, సున్నం ఎంతో విడిగా చెప్పదు. నీళ్ళలో సున్నం తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టించినా టీడీఎస్ తగ్గలేదని గొడవపడుతుంటారు. సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి దాని బదులు సోడియం వదులుతుంది కాబట్టి ఆ అంకె అలాగే ఉంటుంది. గీజర్‌కి మాత్రం మేలే జరుగుతుంది.

ఏడాదికొకసారి విప్పి శుభ్రం చేయించుకోమన్నాడు. ఎలిమెంట్‌ని నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో నానబెడితే సున్నం బుసబుస నురగలు వస్తూ వదులుతుందని పాత ఎలిమెంట్ మీద చేసి చూపించాడు. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పే. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ మాత్రం దగ్గరికి రానివ్వొద్దట, ట్యాంకు పూతనీ, ఎలిమెంట్‌నీ రెండింటినీ తినేస్తుంది. మెగ్నీషియం కడ్డీ కూడా ఏటా చూడాలి. ట్యాంకు ఇనుము తుప్పు పట్టకుండా తాను అరిగిపోవడమే దాని ఉద్యోగం. మాది పూర్తిగా అరిగిపోయింది, ఇంకో ఏడాది అలాగే వదిలేస్తే ట్యాంకే పోయేదన్నాడు. 280 రూపాయల కడ్డీ గురించి కంపెనీ పుస్తకంలో చివరి పేజీలో సన్న అక్షరాలతో ఉంది, కొన్నప్పుడు ఎవరూ నోటితో చెప్పరు.

ఆయన పనిలో నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. పొద్దున వస్తానని సాయంత్రం వచ్చాడు, మధ్యలో ఫోన్ చేసి చెప్పలేదు. ముసలివాళ్ళున్న ఇంట్లో రోజంతా ఎదురుచూడటం కష్టం. కుర్రాడు తొట్టిలో సున్నం పెచ్చులు బాత్‌రూమ్‌లో నీళ్ళు పోయే నహానీ ట్రాప్‌లో ఒంపబోతుంటే నేను ఆపాను. అది బిగుసుకుంటే ఇంకో ఖర్చు. బిల్లు అచ్చువేసింది కాదు, పేపరు మీద చేత్తో రాసిచ్చాడు. ఎలిమెంట్‌కి ఆరు నెలలు గ్యారంటీ అని దాని మీదే రాసి సంతకం పెట్టాడు, కంపెనీ వారంటీలా గట్టి కాగితం కాదది. గీజర్‌కి వెళ్ళే స్టీల్ జాలీ పైపులు కూడా మార్చమంటే ఇంకా బాగున్నాయని మార్చలేదు. వాటి చివర్లలో తుప్పు మరకలున్నాయి కాబట్టి నేనైతే మార్పించేదాన్నే.

బాగుచేయించడం అన్ని గీజర్లకూ కుదరదు. వేడినీళ్ళ కుళాయిలోంచి తుప్పు రంగు నీళ్ళొస్తుంటే, మూత విప్పినప్పుడు ట్యాంకు అతుకుల దగ్గర తడి కనిపిస్తే, దాని మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. ట్యాంకుకి అతుకు వేయించినా నిలవదు. అప్పుడు కొత్తది కొనక తప్పదు. కొనేటప్పుడు స్టార్ల గురించి ఒక మాట. గీజర్ మీద స్టార్లు అది ఎంత త్వరగా కాస్తుందో చెప్పవు. స్విచ్ వేసే ఉంచితే రోజులో ఎంత వేడి వృథాగా పోతుందో దాన్నిబట్టి ఇస్తారు. రోజంతా ఆన్‌లో ఉంచే ఇళ్ళకు ఐదు స్టార్లు బాగా పనికొస్తాయి. మాలా అరగంట వేసి ఆపేసేవాళ్ళకి, బోరు నీళ్ళున్న ఏరియాలో, ఆ డబ్బు మంచి ఎలిమెంట్‌కీ మందమైన మెగ్నీషియం కడ్డీకీ పెడితే మేలని నా అభిప్రాయం.

షాపుకి వెళ్ళాలనుకునేవాళ్ళు గీజర్ ఎన్ని లీటర్లది, ఏ ఏడాది కొన్నది, నీళ్ళు ఎప్పుడు చల్లబడుతున్నాయి, ఇవి ముందే చూసుకుని వెళ్ళండి. ఆయన అడుగుతాడు. కింద అతికించిన స్టిక్కర్ ఫోటో తీసుకెళ్తే ఎలిమెంట్ ఫ్లాంజ్ సైజు తప్పకుండా తెస్తాడు. బెడ్‌రూమ్ బాత్‌రూమ్‌లో ఉన్న రెండో గీజర్ కూడా సంక్రాంతి దాటాక ఈయన చేతే విప్పించబోతున్నాను. అది 15 లీటర్లది, ఎనిమిదేళ్ళది, ఇంకా ఏ ఇబ్బందీ పెట్టలేదు. కడ్డీ ఎంత మిగిలిందో చూడాలి. ఫోన్ చేసేదేదో పొద్దున పదిలోపు చేయండి, తర్వాత వైండింగ్ పనిలో కూర్చుంటే ఎత్తడు.